ముప్ఫై నాలుగు మెట్లు, పద్నాలుగు ట్యూబులు

మా అత్తగారి ఒంట్లో రక్తం ఎంతుందో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దానికి సూది అక్కర్లేదు, రిపోర్టు కోసం సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోనక్కర్లేదు. మేం రెండో అంతస్తులో ఉంటాం. లిఫ్టు లేదు. వీధి గుమ్మం నుంచి మా తలుపు దాకా ముప్ఫై నాలుగు మెట్లు. ఆవిడ హిమోగ్లోబిన్ పదికి పైన ఉంటే దారిలో ఒక్కసారి ఆగుతుంది. అదైనా మొదటి అంతస్తు రాజ్యం గారు ఏం కూర వండిందో కనుక్కోవడానికే. తొమ్మిదైతే రెండుసార్లు ఆగుతుంది. ఎనిమిదైతే నాలుగుసార్లు, కూరల ప్రస్తావన లేకుండా. ఎనిమిది కూడా దిగితే రాజ్యం గారు తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మెట్ల మలుపులో వేస్తుంది. ఎన్నిసార్లు ఆగిందో వంటింటి క్యాలెండరు మీద, పాలవాడి నాగాల పక్కనే, పెన్సిలుతో రాస్తాను.

అత్తగారి పేరు వరహాలమ్మ. మూత్రపిండాలు పనిచేయడం మానేసి నాలుగేళ్లయింది. సోమ, బుధ, శుక్రవారాలు మా ఊరి పెద్దాసుపత్రిలో డయాలిసిస్. మూత్రపిండాలు మానేసిన పనుల్లో రక్తం తయారు చెయ్యమని ఒంటికి కబురు పంపడం ఒకటట. ఆ కబురు ఇప్పుడు ఒక సూదిమందు పంపుతోంది. వార్డులో దాన్ని అందరూ రక్తం సూది అంటారు. అది పడుతున్నంత కాలం ఆవిడ మెట్లెక్కుతుంది, కూరలు ఆరా తీస్తుంది, నా చారులో ఇంగువ ఎక్కువైందంటుంది. అది పడకపోతే మంచం దిగదు. కాబట్టి ఇంగువ సంగతి వినిపిస్తున్నంత కాలం నాకు దిగుల్లేదు.

నిరుటి వేసవి దాకా వినిపిస్తూనే ఉంది. అప్పుడు ఆసుపత్రికి పరిశోధన పట్టుకుంది.

పై నుంచి ఎవరో వచ్చి, ఒకే సూది కొందరికి పనిచేసి కొందరికి పనిచేయకపోవడమేమిటని అడిగి వెళ్లారట. మంచి ప్రశ్నే. సిస్టర్ ఎస్తేరుని అడిగితే అక్కడే జవాబు చెప్పేది. ఆ వార్డులో ఆవిడకి పద్దెనిమిదేళ్ల అనుభవం. ఒంట్లో ఇనుము చాలకపోయినా, ఎక్కడైనా చీము పట్టినా, డయాలిసిస్ నాలుగు గంటలూ పూర్తిగా జరగకపోయినా, రక్తం పోతున్నా సూది పనిచేయదని వచ్చిన ప్రతి కొత్త మనిషికీ చెబుతుంది. ఆవిడని ఎవరూ అడగలేదు. అడిగితే సంఘం వెయ్యడానికి ఏమీ మిగలదు.

సంఘం వేశారు. దాని పేరు ‘రక్తహీనత చికిత్సకు రోగుల స్పందనను ప్రభావితం చేయు కారకాల అధ్యయన సంఘం’. ఆ పేరు రాసిన బోర్డు వార్డు గుమ్మానికి అడ్డంగా పట్టక నిలువుగా కట్టారు. కన్వీనరు డాక్టర్ భీమశంకరం గారు. ఆయన రోగులని చూడడం మానేసి చాలాకాలమైందని, పరిపాలనలో ఉన్నారని ఎస్తేరు చెప్పింది. మొదటి రోజు పన్నెండు మంచాల మధ్య నిలబడి ఉపన్యాసమిచ్చారు.

“ఇకపై ఈ విభాగంలో చికిత్స అనేది ఫలితం ప్రాతిపదికన నిర్వహించబడుతుంది. సూది వేయుట మా బాధ్యత. స్పందించుట మీ బాధ్యత. అధ్యయనంలో ఉన్న రోగి వరుసగా మూడు నెలలు స్పందించని పక్షంలో, సదరు రోగికి సూది నిలుపుదల చేసి, స్పందించు రోగికి మళ్లించబడుతుంది.”

పక్క మంచం మీద మస్తాన్ గారు, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, చెయ్యి మిషనుకి కట్టి ఉండగానే అడిగాడు.

“బాగున్నోడికి మందేసి, బాగోనోడికి మానేస్తారా సార్?”

“వనరుల సద్వినియోగం అంటారు దీన్ని.”

“మా డిపోలో దీన్ని నడిచే బస్సుకి రిపేరు చేసి, ఆగిపోయిన బస్సుని వదిలెయ్యడం అనేవాళ్లు సార్.”

కన్వీనరు గారు దాన్ని రోగి సూచనగా నమోదు చేసుకున్నారు.

అధ్యయనం మూడు ట్యూబుల రక్తంతో మొదలైంది. డయాలిసిస్‌కి ముందు, నెలకోసారి. మూడు ట్యూబులంటే మేమేం అనలేదు. కానీ సంఘంలో సభ్యులు తొమ్మండుగురు. తొమ్మండుగురికీ తలా ఒక కారకం కావాలి. ఇనుము ఒకరు తీసుకుంటే ఇంకొకరు వాపు తీసుకున్నారు, ఒకరు విటమిన్లు, ఒకరు మెడలోని గ్రంథి. ఎవరి కారకానికి వారి విభాగం, ఎవరి విభాగానికి వారి రంగు మూత. పచ్చ మూత ట్యూబుని ఊదా మూత వాళ్లు ముట్టుకోరు. పైగా ఆడిట్‌కి రెండు, ‘భవిష్యత్ అవసరాల నిమిత్తం’ రెండు, పోతే మళ్లీ తియ్యకుండా ఉండడానికి ఒకటి. మొత్తం పద్నాలుగు.

ఎస్తేరు ఉండబట్టలేక అడిగింది. “సార్, మూడింట్లో తీస్తే అన్ని పరీక్షలూ వస్తాయి కదండీ. లేబులో పంచుకుంటే సరిపోద్ది.”

“ఒకే ట్యూబైతే బాధ్యత ఎవరిదమ్మా?” అన్నారాయన.

ఈ ప్రశ్నకి జవాబు లేదు. మన దేశంలో ఏ ఆఫీసులోనూ లేదు.

మొదటి నెల గడిచేసరికి అత్తగారు రెండుసార్లు ఆగడం మొదలుపెట్టింది. పది పాయింట్ రెండు ఉన్నది తొమ్మిది పాయింట్ ఒకటి అయింది. వార్డులో మిగతా వాళ్లదీ అదే దారి. సంఘం చాలా సంతోషించింది. స్పందించని వాళ్లు ఎక్కువైతే కారకాలు బాగా తేలతాయట. అందుకని రక్తం నెలకోసారి కాక వారానికోసారి తియ్యమన్నారు. తొమ్మిది పాయింట్ ఒకటి ఎనిమిది పాయింట్ రెండుకి దిగింది. పరిస్థితి ఆందోళనకరంగా ఉన్నందున ప్రతి డయాలిసిస్‌కీ తియ్యమన్నారు.

నాకో ఫారం ఇచ్చారు. ‘రోగి సహాయకుల ప్రశ్నావళి’. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి పక్కన కూర్చుని చదువుతుంటే నేను జవాబు చెప్పాలి.

“ఇంట్లో ఇనప మూకుడు వాడతారా అండీ?”

“వాడతాం.”

“రోగికి కోడలితో మనస్పర్థలు ఉన్నాయా? రోజుకి ఎన్నిసార్లు?”

అత్తగారు మంచం మీద నుంచే అందుకుంది. “ఓపికున్నప్పుడు మూడు, నాలుగు. మీ పుణ్యమా అని ఈమధ్య ఒకటి కూడా పడ్డం లేదమ్మా. రాసుకో.”

ఆ అమ్మాయి ‘మనస్పర్థలు తగ్గుముఖం’ అని రాసుకుని, ఎదురుగా టిక్కు పెట్టింది.

ఆ వారమే రాజ్యం గారి కుర్చీ మెట్ల మలుపులోకి వచ్చింది. “ఉంచెయ్యండి పిన్నిగారూ, ఇక్కడే ఉంటుంది, నాకేం అవసరం” అంది రాజ్యం గారు. అత్తగారు కూర్చుని, పైట చెంగుతో మొహం తుడుచుకుని, ఇంకా పదిహేడు మెట్లున్న పై భాగం వైపు చూసింది. మునుపు ఆ ఇంటి ముందు ఆగితే ఏం కూరో అడిగేది. ఇప్పుడు తలుపులోంచి గుత్తొంకాయ వాసన గుప్పున వస్తున్నా అడగలేదు. క్యాలెండరు మీద ఏడు అని రాశాను. పాలవాడి నాగాల కంటే అవే ఎక్కువయ్యాయి.

రెండో నెలాఖరుకి నోటీసు వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో, అత్తగారి పేరు మీద.

‘తమరికి నిర్ణీత మోతాదులో చికిత్స అందించబడినప్పటికీ తమరి హిమోగ్లోబిన్ 7.8కి పడిపోవుట సంఘం దృష్టికి వచ్చినది. సదరు తగ్గుదలను ఉద్దేశపూర్వకమైనదిగా ఎందుకు పరిగణించరాదో ఏడు దినములలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలెను. లేనియెడల వచ్చే నెల ముప్ఫయ్యవ తేదీ నుండి సూది నిలుపుదల చేయబడును.’

ఆవిడ నా చేత రెండుసార్లు చదివించుకుంది.

“అంటే నేను కావాలని తగ్గించుకున్నాననా?”

“కాదని రాసివ్వమంటున్నారు.”

“రాయి. నా రక్తం నాతో చెప్పి తగ్గలేదు. ఎక్కడికెళ్లిందో వాళ్లకే తెలియాలి, వాళ్లే పట్టుకుపోతున్నారు.”

ఆ చివరి మాట దగ్గర నా పెన్ను ఆగింది.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. తరవాతి ఇరవై రెండేళ్లలో దాంతో చేసింది బియ్యం ఎసరు అంచనా వెయ్యడమే. అయినా కొలత కొలతే. మర్నాడు ఎస్తేరు దగ్గర వాడని ట్యూబొకటి అడిగి తెచ్చుకున్నాను. వంటింట్లో దానితో నీళ్లు కొలిచి టీకొట్టు గ్లాసులో పోశాను. పద్నాలుగు సార్లు పోసేసరికి గ్లాసు మెడ దాకా వచ్చింది. వారానికి మూడు గ్లాసులు. నెలకి పన్నెండు. రక్తం తయారు చెయ్యమని సూది కబురు పంపుతోంది, ఒళ్లు పాపం తయారు చేస్తోంది, వీళ్లు వచ్చి గ్లాసుల లెక్కన పట్టుకెళ్లి ఎందుకు పెరగలేదని నోటీసు ఇస్తున్నారు. పాలు పితికి తీసుకెళ్లి, పొదుగు ఖాళీగా ఉందేమని గేదెని సంజాయిషీ అడిగినట్టు.

ఆ గ్లాసూ ట్యూబూ సంచిలో వేసుకుని కన్వీనరు గారి గదికి వెళ్లాను. ఆయన ఎదురుగానే పోసి చూపించాను. ఆయన శ్రద్ధగా చూశారు. బల్ల మీద నీళ్లు పడతాయేమోనని ఫైళ్లు పక్కకి జరుపుకున్నారు కూడా.

“అమ్మా, మీ తపన అర్థం చేసుకోగలను. కానీ టీ గ్లాసు ప్రామాణిక కొలమానం కాదు.”

“మీ ట్యూబుతోనే కొలిచానండీ.”

“అదలా ఉంచండి. రక్తం తీయుట అనునది ఆమోదిత కారకాల జాబితాలో లేదు. లేని కారకాన్ని సంఘం ఏ విధంగా పరిగణించగలదు?”

“జాబితాలో చేర్చండి.”

“చేర్చుటకు దానిని అధ్యయనం చేయవలసి ఉంటుంది,” అన్నారు. “అందుకు అదనంగా రెండు ట్యూబులు.”

నేను గ్లాసు కడిగి సంచిలో పెట్టుకున్నాను. పోనీ మీ నియమావళి అయినా ఒకసారి చదువుకుంటానండీ అన్నాను. ఆ పుస్తకాన్ని బయటివాళ్లెవరైనా అడగడం అదే మొదటిసారేమో, ఆయన కాఫీ కూడా తెప్పించారు. వరండాలో బల్ల మీద కూర్చుని చదివాను. పదకొండో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. ‘వరుసగా రెండు పర్యాయములు రక్తనమూనా ఇవ్వ నిరాకరించు రోగిని సహకరించని రోగిగా వర్గీకరించి అధ్యయనం నుండి తొలగించవలెను. అట్టివారికి తదుపరి ఉత్తర్వుల వరకు సూది సహా మామూలు వైద్యం యథాతథంగా కొనసాగును.’

మళ్లీ చదివాను. సహకరించేవాళ్లకి రక్తమూ పోతుంది, ముప్ఫయ్యో తేదీకి సూదీ పోతుంది. సహకరించనివాళ్లకి రెండూ ఉంటాయి. నా చిన్ననాటి నుంచీ అమ్మా, మేష్టార్లూ చెప్పిన నీతులన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

అత్తగారిని ఒప్పించడం తేలిక కాలేదు. కోడలితో తప్ప లోకంలో ఇంకెవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి.

“మొండిదాన్నని రాస్తారటే ఇందూ?”

“మొండి అని కాదు. సహకరించని రోగి అని.”

“మంచానికి బోర్డు కడతారా?”

“కడతారట. ఎర్ర అట్ట.”

“నలుగురూ వచ్చి చూసే చోట. మీ మామగారుంటే ఏమనేవారో.”

“మెట్లెక్కమనేవారు,” అన్నాను.

ఆవిడ పైట సర్దుకుని లేచి కూర్చుంది. తరవాత, “అయితే ఏమనాలో చెప్పు,” అంది.

సోమవారం ట్యూబులు పట్టుకుని వచ్చిన కుర్రడాక్టరుతో ఆవిడ “ఇవ్వను నాయనా, ఏమీ అనుకోకు,” అంది. బుధవారం “ఇవ్వను” అని ఊరుకుంది. శుక్రవారం అతను రాలేదు. మంచానికి ఎర్ర అట్ట వేలాడుతోంది.

మస్తాన్ గారు ఆ అట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. పదకొండో పేజీ సంగతి చెప్పాను. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సులో టిక్కెట్టు తీసుకోనివాళ్లని పట్టుకున్న మనిషి, ఎప్పుడూ రూలు తప్పనివాడు. “రూలే రూలు తప్పమంటుంటే ఇంకేం చేస్తామమ్మా,” అని ఆయన కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పది రోజుల్లో పన్నెండు మంచాలకి తొమ్మిది ఎర్ర అట్టలు. వార్డు ఎన్నికల ఊరేగింపులా ఉంది.

మామూలు వైద్యం కింద నెలకొక చిన్న ట్యూబు తీస్తారు. దానికెవరం అభ్యంతరం చెప్పలేదు. ఎస్తేరు సలహా మీద ఇనుము సూది కూడా రెండు పడింది. అత్తగారిది ఏడు పాయింట్ ఎనిమిది నుంచి ఎనిమిది పాయింట్ ఆరయింది. తరవాతి నెల తొమ్మిది ఏడు. ఆ పై నెల పది నాలుగు. మస్తాన్ గారికి పది దాటింది. ఎర్ర అట్టలున్న తొమ్మిది మందికీ పెరిగింది. బుద్ధిగా సహకరిస్తున్న ముగ్గురికి మాత్రం ఏడు దగ్గర ఉండిపోయింది, ముప్ఫయ్యో తేదీన సూది కూడా ఆగింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కన్వీనరు గారు మళ్లీ పన్నెండు మంచాల మధ్య నిలబడ్డారు. ఈసారి వెనక ఫొటోగ్రాఫరు కూడా ఉన్నాడు.

“మిత్రులారా, సంఘం ఐదు మాసాల అవిశ్రాంత కృషి ఫలించింది. స్పందనను నిర్ణయించు ప్రధాన కారకం కనుగొనబడినది. ఇనుము కాదు, వాపు కాదు, విటమిన్లు కాదు. సహకరించకపోవుట. సహకరించని రోగులలో హిమోగ్లోబిన్ గణనీయంగా పెరిగినది. కావున నేటి నుండి ఈ విభాగంలో రోగులందరూ విధిగా సహకరించకుండా ఉండవలెను. ఈ విషయంలో మీ అందరి పూర్తి సహకారం కోరుతున్నాను.”

ఎస్తేరు సెలైన్ స్టాండు వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

“సార్,” అన్నాడు మస్తాన్ గారు, “రక్తం తియ్యడం ఆపారు కాబట్టి పెరిగిందేమోనండీ.”

“అది జాబితాలో లేదు,” అన్నారాయన.

సర్క్యులరు వచ్చింది. మిగిలిన ముగ్గురికీ మంగళ, గురువారాల్లో సహకరించకపోవడంలో శిక్షణ. తెల్లకోటు అమ్మాయే బోధకురాలు. ‘ఇవ్వను’ అనే మాట మూడు స్థాయిల్లో పలికించేది. ముగ్గురిలో ఒక పెద్దాయన సిగ్గుపడుతూ సరిగ్గా పలకలేకపోతే, ఇంటి దగ్గర అభ్యాసం చేసుకు రమ్మని పంపింది. ఎలాగైతేనేం, రెండు వారాల్లో ఆ ముగ్గురికీ ఎర్ర అట్టలు వచ్చాయి, అట్టలతో పాటు సూదులూ తిరిగి వచ్చాయి. ఆసుపత్రి చరిత్రలో ఒక శిక్షణ పనికొచ్చింది. ఆ అమ్మాయి మీద నాకు అప్పటి నుంచీ గౌరవం.

అంతటితో ఆగితే అది సంఘం ఎందుకవుతుంది. కనుగొన్నదాన్ని విశాఖపట్నం సదస్సులో చదవాలి. చదవాలంటే కొలత కావాలి. ఎవరిలో ఎంత సహకరించకపోవడం ఉందో తేల్చకుండా ఊరికే ఉందంటే పెద్దవాళ్లు ఒప్పుకోరట. ఒక శుక్రవారం కన్వీనరు గారు స్వయంగా అత్తగారి మంచం దగ్గరికి వచ్చారు. చేతిలో నారింజ రంగు మూత ఉన్న ట్యూబు. పదిహేనోది. ఆ రంగు అప్పటిదాకా ఎవరికీ దక్కలేదు.

“అమ్మా, వరహాలమ్మగారూ, మొట్టమొదటి సహకరించని రోగి మీరు. మా నివేదికలో మొదటి పట్టిక మీదే. మీ రక్తంలో నిరాకరణ స్థాయి ఎంతో తెలుసుకొనుటకు కేవలం ఒకే ఒక ట్యూబు. తదుపరి వారం నుండి అవసరాన్ని బట్టి.”

అత్తగారు ట్యూబు వైపు చూసింది, ఎర్ర అట్ట వైపు చూసింది.

“ఇస్తే ఏమవుద్ది నాయనా?”

“పరిశోధనకు మీరు సహకరించినట్టు.”

“ఇవ్వకపోతే?”

ఆయన జేబులోంచి తన సర్క్యులరు తీసి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. “ఇవ్వకపోతే… మా ఉత్తర్వులకు సహకరించినట్టు.”

“అయితే ఎటూ సహకారమే,” అంది ఆవిడ. “నా రక్తం నా దగ్గరుంచుకునే సహకరిస్తాలే. వెళ్లిరా నాయనా.”

ఆయన మొహం వెలిగిపోయింది. పక్కనున్న అమ్మాయి చేత అక్కడికక్కడే రాయించారు. ‘ఒకటవ నంబరు మంచం. నిరాకరణ స్థాయి: అత్యధికం. ఫలితం: అత్యుత్తమం.’ నారింజ మూత ట్యూబు ఖాళీగానే పెట్టెలో పెట్టుకుని విశాఖపట్నం వెళ్లారు. అక్కడ ఆయన పత్రానికి బహుమతి వచ్చిందని, వచ్చే ఏడు ఇంకో నాలుగు ఆసుపత్రుల్లో ఈ విధానం ప్రవేశపెడతారని పేపర్లో చదివాం. ఆ నాలుగు ఆసుపత్రుల్లోనూ మొదటి మెట్టుగా రోగులకి పద్నాలుగు ట్యూబులు తీస్తారట. సహకరించేవాళ్లెవరో తేలితే కదా, మాన్పించడానికి.

ఆయన నారింజ మూతతో వచ్చిన ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆటో దిగాక అత్తగారు నా చెయ్యి పట్టుకోలేదు. నేను సంచీ, ఫైలూ మోసుకుంటూ వెనక ఎక్కుతున్నాను. మొదటి అంతస్తులో రాజ్యం గారి తలుపు తీసి ఉంది. అత్తగారు ఆగింది.

“ఏం కూరే రాజ్యం?”

“దోసకాయ పప్పు పిన్నిగారూ. తీసుకెళ్తారా కొంచెం?”

“నాకు పప్పులు పెట్టకూడదంటారమ్మా. ఊరికే అడిగా,” అని ముందుకు నడిచింది. మలుపు తిరిగి, చివరి పదిహేడు మెట్లూ ఎక్కి, తలుపు దగ్గర నా తాళం కోసం విసుగ్గా నిలబడింది. “త్వరగా తియ్యవే. పొద్దున్న చారులో మళ్లీ ఇంగువ దంచి పోశావు, నోరంతా అదే వాసన.”

చుట్టాలొచ్చారని రాజ్యం గారు ఆ ఉదయమే మలుపులోంచి కుర్చీ లోపలికి తీసుకెళ్లిపోయింది. అక్కడ కుర్చీ లేదన్న సంగతి అత్తగారు గమనించలేదు.